అబద్ధమాడని అరికాలు

నిన్న మధ్యాహ్నం వడియాలు తిరగేద్దామని డాబా మీదికి వెళ్ళాను. మా కోడలు పెట్టిన గుమ్మడి వడియాలు. తిరగేసే పని నాది. ఎనభై దాటినవాడికి ఇంట్లో దొరికే ఉద్యోగాలు ఇలాంటివే. మెట్ల దగ్గర చెప్పులు కనిపించలేదు. నాలుగడుగులే కదా అని ఉత్తికాళ్ళతో గచ్చు మీదికి దిగానో లేదో, అరికాలి నుంచి నడినెత్తి దాకా చురుక్కుమంది. అమ్మో అని వెనక్కి గెంతాను. గుమ్మం నీడలో ఒంటికాలి మీద నిలబడి, కాలిన పాదాన్ని చేత్తో రుద్దుకుంటూ ఉంటే నోట్లోంచి దానంతటదే ఒక మాట వచ్చింది: "మూడు." కింద నుంచి మా మనవరాలు "ఏంటి తాతయ్యా మూడు?" అని అరిచింది. ఏమని చెప్పను? మూడంకెలు లెక్కపెట్టేలోపే గెంతేశాను. లాల్‌బీ ఖాలా చూసి ఉంటే పొద్దుగూకేదాకా నన్ను ఆట పట్టించేది.

ఖాలా అంటే పినతల్లి. నిజానికి ఆమె నాకు చుట్టం కాదు. హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండ దాటాక, ఒక నవాబు గారి దేవిడీలో వేటకుక్కలను సాకిన మనిషి. దేవిడీ అంటే కోట కాదు గాని పెద్ద సంసారమే: ఏనుగు పట్టే గేటు, లోపల మూడు వాకిళ్ళు, ఒక్కో వాకిలి చుట్టూ గదులు. ఆఖరి వాకిట్లో కుక్కల కొట్టం. మొదట్లో ఆ పని ఆమె భర్తది. ఆయన పోయాక ఎవరెవరినో తెచ్చి పెట్టి చూశారట. కుక్కలు ఒక్కడిని గుమ్మం తొక్కనివ్వలేదు. చివరికి ఈమె కొంగు నడుముకు చుట్టుకుని, గిన్నె పట్టుకుని లోపలికి పోతే తోకలన్నీ ఊగాయట. అంతే, ఉద్యోగం ఆమెదైంది. పొడుగాటి మనిషి, గట్టి చేతులు, నోట్లో ఎప్పుడూ పాన్. గొంతు మాత్రం ఈ వాకిట్లో ఎత్తితే మూడో వాకిట్లో పావురాలు లేచేవి. మద్రాసులో పశువైద్యం చదివి, పట్టా చంకన పెట్టుకుని వచ్చిన నాకు వైద్యం నేర్పింది ఆమె. ఈ సంగతి అప్పట్లో చస్తే ఒప్పుకునేవాణ్ణి కాదు. ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేముంది?

మాది నెల్లూరు. చదువు అయ్యాక సైదాబాదులో మా మేనమామ ఇంట్లో దిగి ఉద్యోగం వెతుక్కుంటుంటే ఈ దేవిడీలో పశువుల డాక్టరు కావాలన్నారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాలేదు. నవాబు గారికి వేట అంటే ప్రాణం. ఇంగ్లండు నుంచి ఓడలో వేటకుక్కలను తెప్పించుకునేవారు. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలు, వేలాడే చెవులు, చూడముచ్చటగా ఉండేవి. అయితే అంతకు ముందు ఏడాది వచ్చిన నాలుగింటిలో రెండు ఎండాకాలం దాటలేదు. ఈసారి ఇంకో నాలుగు వచ్చి మొత్తం ఆరయ్యాయి. దేవిడీ వ్యవహారాలన్నీ చూసే దారోగాకు లాల్‌బీ అంటే గిట్టదు. ఆడమనిషి, చదువు లేదు, పైగా ఎదురు మాట్లాడుతుంది. కిందటేడు చచ్చిన రెండు కుక్కల నింద ఆమె మీద వేసి, నవాబు గారి దగ్గర ఒక మాట తీసుకున్నాడు. ఈ ఎండాకాలం ఒక్క విలాయతి కుక్క చచ్చినా కొట్టం డాక్టరు చేతికి పోవాలి, లాల్‌బీ గది ఖాళీ చేసి దేవిడీ విడిచి పోవాలి. మృగశిర కార్తె వచ్చి వాన పడేదాకా గడువు. ఆ డాక్టరు నేనే. అంటే ఒక కుక్క చస్తే నాకు ఉద్యోగంలో మెట్టు పెరుగుతుంది. దారోగా ఈ సంగతి మొదటి రోజే నా చెవిలో ఊది కన్ను గీటాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు నాకది తప్పుగా అనిపించలేదు.

మార్చి ఆఖర్లో ఒక రోజు, పదకొండు గంటలప్పుడు, బూట్లు టకటకలాడించుకుంటూ కొట్టం దగ్గరికి వెళ్ళాను. గుమ్మం ముందు నాలుగు జతల చెప్పులు వరుసగా పెట్టి ఉన్నాయి. లోపల ఏదైనా పూజా, ఫాతిహాయా అనుకున్నాను. ఇంతలో గొంతు వచ్చింది.

"ఆగాడ! జోళ్ళు బయట ఇడిచి రా!"

"నేను డాక్టర్నమ్మా," అన్నాను.

"అయితే ఏంది? డాక్టర్లకు కాళ్ళుండయా? ఇడువ్, ఇడువ్."

బూట్లు విప్పాను. మేజోళ్ళు కూడా విప్పించింది. వాకిలంతా షాబాదు బండలు. వాటి మీద కాలు పెట్టి, నాలుగు క్షణాలు ఓర్చుకుని, ఎగిరి వరండాలో పడ్డాను. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, అపురూపమైన వస్తువును చూసినట్టు నా పాదాల వంక చూసింది.

"నాలుగు!" అంది, ముఖం ఇంత చేసుకుని. "అల్లా నిన్ను సల్లగ సూడ! మస్తు మెత్తగున్నయ్ నీ కాళ్ళు. గిసొంటి కాలు కోసమే ఎతుకుతున్న."

నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. కుక్కను ఎండలోకి తీయాలంటే ముందు మనిషి ఉత్తికాళ్ళతో బండ మీద నిలబడాలి. పదంకెలు లెక్కపెట్టేదాకా నిలబడగలిగితే కుక్కను తీయవచ్చు. లేకపోతే కుక్క గడప దాటకూడదు. అది ఆమె భర్త పెట్టిన కట్టడి. కానీ ఏళ్ళ తరబడి చెప్పుల్లేకుండా తిరిగి ఆమె అరికాళ్ళు తోలులాగా తయారయ్యాయి. నలుగురు పనివాళ్ళవీ అంతే.

"నా కాలు అబద్ధం జెప్తది డాక్టర్ సాబ్," అంది. "నేను నూరు దాకా నిలబడ్త. పోయినేడు గట్లనే నమ్మి మోసపోయిన. గా విలాయతియి పచ్చగడ్డి మీద పెరిగినయ్, వాటి కాళ్ళు నీ లెక్కనే ఉంటయ్. ఇగ నుంచి నీ కాలే మాకు గడియారం."

ఆరేళ్ళు చదివి పట్టా తెచ్చుకున్న నన్ను ఆమె నా అరికాళ్ళ కోసం పనిలో పెట్టుకుంది! ఒళ్ళు మండింది. అయినా మర్నాటి నుంచి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నన్ను బండ మీద నిలబెట్టి ఆమె లెక్కపెట్టడం, నేను గెంతడం, పనివాళ్ళు నవ్వడం రివాజు అయిపోయింది.

కొట్టంలో విలాయతి ఆరు కాక మన దక్కను గడ్డ మీద పుట్టిన కారవాన్ జాతి కుక్కలు రెండు ఉండేవి. సన్నటి నడుము, పొడుగు కాళ్ళు. వాటిలో ముసలిదాని పేరు మోతీ. లాల్‌బీ దాన్ని "మోతీ పంతులు" అనేది. నేను గోడకు థర్మామీటరు తగిలించాను. ఆమె దాని వంక కన్నెత్తి చూడలేదు. మోతీ ఎక్కడ పడుకుంటే అటు చూసేది. ఎనిమిదింటికి అది వేపచెట్టు కింద ఉండేది. పదింటికి నీళ్ళ తొట్టి వెనక తడి ఇసుకలో గుంట తవ్వుకుని పొట్ట ఆనించేది. మధ్యాహ్నం రెండు తలుపుల నడుమ గాలి ఆడే చోటికి మారేది. మోతీ లేవగానే లాల్‌బీ గొలుసులు విప్పి మిగతావాటిని దాని వెంట తోలేది.

"ఇది గీ ఎండల పుట్టింది. అయి మంచుల పుట్టినయ్," అనేది. "పంతులు ఉండంగ మనకేం ఫికర్?"

ఏప్రిల్ నడుమ ఎండ ముదిరింది. నాకో గొప్ప ఆలోచన వచ్చింది. ఉస్మాన్‌గంజ్ బజారుకు వెళ్ళి పాత గోనె సంచులు కట్ట కట్టించుకుని వచ్చి, వాటిని తడిపి ఒక్కో కుక్క మీద ఒక్కోటి కప్పమన్నాను. లాల్‌బీ కాదనలేదు. ఒక సంచిని తొట్టిలో ముంచి, పిండి, "కూసో," అంది.

"ఎవరు?"

"నువ్వే. కుక్కలకు నోరు లేదు. నువ్వు కప్పుకొని జెప్పు, ఎట్లుందో."

పరువు పోతుందని కప్పుకున్నాను. మొదట ప్రాణం లేచివచ్చినట్టయింది. "ఎట్లుంది?" అంటే "బ్రహ్మాండంగా ఉంది," అన్నాను. ఆమె ఎదురుగా చతికిలబడి తీరిగ్గా పాన్ చుట్టుకుంది. కాసేపటికి సంచి వెచ్చబడింది. ఇంకాసేపటికి లోపల ఆవిరి పట్టి, చెమటలు కళ్ళలోకి కారసాగాయి. "ఇప్పుడెట్లుంది?" అంది. నేను కళ్ళు తుడుచుకున్నాను. "ఉడికినవా, ఇంకా జరసేపు ఉడకాల్నా?" అంది. పనివాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. సంచి విసిరికొట్టి బయటపడ్డాను. ఆమె మాత్రం నా సంచులను పారేయలేదు. అన్నింటినీ తడిపించి, వరండాలో గాలి వచ్చే వైపు తాడుకు వేలాడదీయించింది. వాటిలోంచి వచ్చే గాలికి కుక్కలు కాళ్ళు చాపుకుని పడుకున్నాయి. "తడి ఎదురుంగ ఉంటే సలువ. మీద పడితే ఉడుకు," అంది. కిందటేడు ఎండదెబ్బ తిన్న కుక్కలను దారోగా కిటికీలు మూసిన రాతి గదిలో, తడి గుడ్డలు కప్పి పెట్టించాడట. ఆ రెండూ పోయింది అక్కడే. ఆ మాట నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆమె మాటలు రాసుకోవడం ఆ రోజుతో మొదలైంది.

తెల్లవారుజామున మొదటి అజాన్ వినపడగానే కుక్కలను తీసుకుని ఫలక్‌నుమా దారిన నడిచేవాళ్ళం. ఎనిమిది కుక్కలు, అయిదుగురు మనుషులు, నేను. అందరివీ ఉత్తికాళ్ళే. పాలవాళ్ళు ఆగి సలాం కొట్టేవారు. గుట్ట మీదికి ఎండ పొడ రాగానే, కుక్కలు ఎంత హుషారుగా ఉన్నా సరే, వెనక్కి తిప్పేది. ఇంకాస్త దూరం పోదామని నేను అంటే, "పొయ్యేది గాదు బిడ్డా, వచ్చేది సూడు. మనం మర్లేటప్పటికి ఎండ మన కన్న ముందుంటది," అనేది. డాక్టర్ సాబ్ పోయి బిడ్డా ఎప్పుడయ్యానో గుర్తు లేదు.

ఇక నా తప్పు చెప్పాలి. మే నెలలో ఒక రోజు లాల్‌బీ ఎవరినో పలకరించడానికి బయటికి వెళ్ళింది. పదింటప్పుడు దారోగా నుంచి కబురు వచ్చింది: బిజిలీని ముందు వాకిట్లోకి తీసుకురా, కొలతలు రాసుకోవాలి. బిజిలీ ఆరింటిలోకి చురుకైనది, నవాబు గారికి ముద్దుల కుక్క. దారోగా పిలిచాడు కదా, ఆఫీసు పని కదా అని బూట్లు తొడుక్కుని, దాన్ని తీసుకుని వెళ్ళాను. దారోగా ఎవరితోనో మాట్లాడుతూ మమ్మల్ని ఎండలో గంట నిలబెట్టాడు. బూట్లలో నాకేమీ తెలియలేదు. బిజిలీ నాలుక చాచి రొప్పుతుంటే ఎండాకాలం కదా అనుకున్నాను. తిరిగి వస్తుంటే దాని వెనక కాళ్ళు తడబడ్డాయి. కొట్టం గడప దగ్గర కుప్పకూలింది. నోట్లోంచి జిగట చొంగ, నాలుక ఎర్రగా, కళ్ళు ఎటో చూస్తున్నాయి.

అదే సమయానికి లాల్‌బీ వచ్చింది. ఆమె చూపు ముందు కుక్క మీద పడలేదు, నా బూట్ల మీద పడింది. కుక్కను రెండు చేతులా ఎత్తి వరండా నీడలోకి తెచ్చి పడుకోబెట్టి, "సల్లయి తేపో! ఉర్కు!" అని కేక పెట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మేము మజ్జిగ అనేదాన్ని ఇక్కడివాళ్ళు సల్ల అంటారు. ఆ మాట తెలియక నేను వచ్చిన కొత్తలో వంటవాళ్ళ దగ్గర నవ్వులపాలయ్యాను. అప్పటి నుంచి సల్ల అంటే మజ్జిగ, మజ్జిగ అంటే సల్ల అని బట్టీ పట్టి ఉన్నాను. "సల్లయి" అంటే చల్లటివి, కుండలోని చల్లటి నీళ్ళు అని ఆ కంగారులో నాకు తట్టలేదు. నీళ్ళ కుండలను దాటుకుంటూ వంటింటికి పరిగెత్తాను. నూరు మంది భోజనానికి చేసి పెట్టిన మజ్జిగ కాగు కనిపించింది. వంటమనిషి "అరే, అరే!" అంటున్నా వినకుండా ఎత్తుకుని వచ్చాను.

ఆమె తలెత్తి చూడలేదు. కాగు లాక్కుని కుక్క పొట్ట మీద, తొడల నడుమ, పాదాల మీద కుమ్మరించింది. తెల్లగా కారింది. కరివేపాకు రెబ్బ ఒకటి బిజిలీ చెవికి అంటుకుంది. లాల్‌బీ చెయ్యి ఆగింది. కాగును చూసింది, నన్ను చూసింది.

"సల్ల దెచ్చినవా?"

"మీరే కదా సల్ల తెమ్మన్నారు!"

"హాయ్ అల్లా! గీ పిలగాన్ని ఏం జెయ్యాలె!" అని, మళ్ళీ కాగు వంచింది. "పోయ్, పోయ్. సల్లగనే ఉంది గద. నువ్వు ఇసురు!"

నేను విసనకర్రతో విసురుతుంటే ఆమె మజ్జిగ పోస్తూనే ఉంది. నోట్లో పోయబోతే నా చేతి మీద ఒకటి వేసింది. "తెలివి లేనిదాని నోట్ల పొయ్యకు, ఊపిరిలకు పోతది." పనివాళ్ళు నీళ్ళ కుండలు తెచ్చారు. ఎంతసేపు విసిరానో తెలియదు. ఒక్కటే మాట నా తలలో తిరుగుతోంది: ఇది చస్తే ఈమె ఇల్లు పోతుంది, నా బూట్ల వల్ల పోతుంది. ఏడుస్తున్నానని కూడా నాకు తెలియదు. చివరికి బిజిలీ రొప్పు నెమ్మదించింది. కళ్ళు తిప్పి చూసింది. నాలుక బయటికి చాచి, తన పాదం మీది మజ్జిగను ఒక్కసారి నాకింది. రుచి నచ్చినట్టుంది, మళ్ళీ నాకింది. తోక బండ మీద టప్‌మని కొట్టింది. లాల్‌బీ నేల మీద కూలబడి, పైట కళ్ళకు అద్దుకుని, అంతలోనే పకపకా నవ్వింది. మిగతా కుక్కలన్నీ వచ్చి దాన్ని నాకి శుభ్రం చేశాయి.

మజ్జిగ మాయమైందని తెలిసి దారోగా వచ్చాడు. తెల్లగా మెరుస్తున్న కుక్కను చూసి, "యే క్యా హై?" అన్నాడు.

"ఏం లేదు దారోగా సాబ్," అంది లాల్‌బీ, పాన్ నములుతూ. "డాక్టర్ సాబ్ సల్లతోని తానం జేపిచ్చిండు. విలాయతిల గిట్లనే జేస్తరట."

దారోగా నా వంక చూశాడు. "అవునండీ, చర్మానికి మంచిది," అన్నాను. ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నా తప్పు ఎందుకు చెప్పలేదని ఆమెను అడిగాను.

"చెప్తే నిన్ను ఎల్లగొడ్తుండె," అంది. "ఇంకొకడు వస్తుండె. వానికి మళ్ళ మొదటికెల్లి ఎవరు నేర్పాలె, నా బొందనా? పో, మొకం కడుక్కో."

ఆ రోజు తర్వాత నేను బూట్లతో ఆ గడప దాటలేదు. ఆమె ఉద్యోగం నాకు వస్తుందన్న ఆశ కూడా ఆ మజ్జిగతోనే కొట్టుకుపోయింది. మృగశిర దాకా ఆరు తోకలూ ఆడాలి. ఆమెకు ఎంత కావాలో, నాకూ అంతే కావాలనిపించింది.

మే నెల చివరిలో నవాబు గారికి బొంబాయి నుంచి ఇద్దరు స్నేహితులు వచ్చారు. విలాయతి కుక్కల పరుగు చూడాలని ముచ్చటపడ్డారు. సైదాబాదు అవతల బీడుల్లో కుందేళ్ళ వేట అన్నారు. ఉదయం పదిన్నరకు మోటార్లు సిద్ధం. దారోగా కబురు పంపాడు, లాల్‌బీ కుక్కలను వదలనంది. రెండోసారి కబురు, రెండోసారీ అదే జవాబు. దాంతో నవాబు గారు స్నేహితులతో సహా కొట్టం దగ్గరికి స్వయంగా వచ్చారు. దారోగా ముఖం వెలిగిపోతోంది. కుక్కలు పోతే ఎండకు చస్తాయి, పంపకపోతే హుకుం ధిక్కరించినట్టు. ఎటు తిరిగినా లాల్‌బీ గది ఖాళీ.

ఆమె గడప మీద అడ్డంగా నిలబడి ఉంది. "సర్కార్, జాన్ తీసుకోండ్రి, కుక్కలను తీస్కపోకుండ్రి," అంది. దారోగా నా వైపు తిరిగి, "డాక్టర్ సాబ్, మీరు చదువుకున్నవారు. కుక్కలు బాగున్నాయని సర్కార్‌కు చెప్పండి," అన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు.

"హుజూర్," అన్నాను. "చెబుతాను. ముందు తమరు జోళ్ళు విప్పాలి."

దారోగా "జబాన్ సంభాల్‌కే! నోరు జాగ్రత్త!" అని అరిచాడు. నేను ఆగితే మళ్ళీ మాట రాదని గబగబా చెప్పేశాను. పదంకెల కట్టడి చెప్పాను. లాల్‌బీ కాళ్ళు మొద్దుబారాయని, రెండు నెలల్లో నా కాళ్ళు కూడా గట్టిపడి తొమ్మిది దాకా నిలబడుతున్నానని, మా కాళ్ళను ఇక నమ్మలేమని చెప్పాను. "మెత్తని కాలే నిజం చెబుతుంది హుజూర్. ఈ దేవిడీలో తమ పాదం కంటే మెత్తనిది ఎవరికుంది?"

నవాబు గారు నన్ను ఎగాదిగా చూశారు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. ఆయన మీసం కొస వణికింది. నవ్వు ఆపుకుంటున్నారు. "వాజిబ్ బాత్ హై," సబబైన మాటే అని, ముఖమల్ జోళ్ళు విప్పి, షేర్వానీ అంచు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, వాకిలి నడుమ ఎండలోకి నడిచారు.

లాల్‌బీ లెక్క అందుకుంది. "ఒ...క...టీ..." ఆ ఒకటిని ఎంత సాగదీసిందంటే, నేనైతే ఆ లోపల నాలుగు లెక్కపెట్టేవాణ్ణి. "రెం...డూ..."

"అరే బాప్ రే!" అని నవాబు గారు గాల్లోకి లేచారు. రెండు గంతుల్లో వరండాలోకి వచ్చి, దారోగా భుజం పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వారు.

"రెండున్నర సర్కార్," అంది లాల్‌బీ, మర్యాదకు అర కలిపి.

"అబ్ ఆప్," ఇక మీ వంతు అన్నారు నవాబు గారు దారోగాతో. దారోగా తన పరువు కోసం పళ్ళు బిగించి ఆరు దాకా నిలబడ్డాడు. ఆ తర్వాత తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూచున్నాడు. బొంబాయి స్నేహితులకు పౌరుషం వచ్చి వాళ్ళూ దిగారు, వాళ్ళూ గెంతారు. పెద్దమనుషులందరూ ఉత్తికాళ్ళతో ఎగురుతుంటే మోతీ పంతులు తడి ఇసుకలోంచి తలెత్తి చూసి, మళ్ళీ పడుకుంది. వేట మర్నాటి తెల్లవారుజాముకు మారింది. వెళ్ళబోతూ నవాబు గారు, "లాల్‌బీ, ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?" అని ఉర్దూలో అడిగారు.

"పోయినేడు జెప్పిన సర్కార్," అంది ఆమె. "అప్పుడు మీ కాళ్ళకు జోళ్ళున్నయ్."

ఆయన నవ్వలేదు. తల ఊపి వెళ్ళారు. దారోగాకు ఇచ్చిన మాట సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. అయినా లాల్‌బీ మృగశిర దాకా ఒక్క రోజు కూడా ఏమరలేదు.

మృగశిర వచ్చింది. ఇక్కడివాళ్ళు మిరుగం అనే ఆ రోజు సందుల్లో చేపల కూర వాసన. మధ్యాహ్నం దాటాక నల్లటి మబ్బు దిగింది. మొదటి చినుకులు షాబాదు బండల మీద పడి చుయ్‌మన్నాయి. లాల్‌బీ కొట్టం తలుపులు బార్లా తెరిచింది. ఆరు విలాయతి కుక్కలూ వానలోకి ఉరికి, జారి, పడి, ఒకదాని మీద ఒకటి దొర్లాయి. ఆమె వానలోనే నిలబడి వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఒకటి, రెండు, మూడు..." ఈసారి సాగదీయలేదు. "ఆరు! ఆరు తోకలు బిడ్డా!" అని నన్ను పట్టుకుని గిర్రున తిప్పింది. ఆ మనిషి బలానికి నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

కాస్త తెరిపి ఇచ్చాక, వరండాలో కూచుని "ఏదీ, కాలు సూపియ్," అంది. చాచాను. నా అరికాలిని బొటనవేలితో నొక్కి, గోరుతో గీకి చూసింది. గుర్రపు డెక్కను పరీక్షించే పద్ధతిలో అటూ ఇటూ తిప్పింది.

"అయిపాయె," అంది. "ఇగ నీ కాలు గూడ అబద్ధం జెప్తది. నాకు మల్లొక కొత్త డాక్టర్ గావాలె."

అంతకంటే పెద్ద పట్టా నాకు ఎవరూ ఇవ్వలేదు.

మరో రెండేళ్ళు అక్కడే ఉండి, తర్వాత జిల్లాల్లో పశువుల ఆసుపత్రులకు వెళ్ళాను. ఏ రైతు కొట్టంలోకి వెళ్ళినా ముందు బూట్లు విప్పేవాణ్ణి. డాక్టరుకు పిచ్చి అని కొందరు, భక్తి అని కొందరు అనుకున్నారు. లాల్‌బీ ఖాలా పోయిన కబురు నాకు చాలా ఆలస్యంగా అందింది. చివరి దాకా ఆ గదిలోనే ఉందట, కాళ్ళ దగ్గర బిజిలీ కూతురి కూతురు పడుకునేదట. అది విని నేను ఏడవలేదు. కడుపు నిండినట్టయింది.

ఈ రోజు పదిన్నరకు అరికాలికి మందు రాయించుకుని వరండాలో కూచున్నాను. ఎదురింటి కుర్రాడు ఒత్తుగా బొచ్చున్న పెద్ద కుక్కను పట్టుకుని తారు రోడ్డు మీదికి వచ్చాడు. కాళ్ళకు ఇంత మందం బూట్లు. కుక్క ఒక్కో కాలు ఎత్తి ఎత్తి వేస్తోంది.

"బాబూ, ఆగాడ!" అని అరిచాను. "జోళ్ళు ఇడువు!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా మనవరాలు బయటికి పరిగెత్తుకొచ్చింది. ఆ అబ్బాయి ముసలాయన కదా అని, నవ్వుతూ బూట్లు విప్పి రోడ్డు మీద నిలబడ్డాడు. "ఒ...క...టీ..." అన్నాను. "రెం...డూ..." మూడు అనేలోపు ఎగిరి గంతేశాడు. కుక్క వంక చూశాడు. వెంటనే ఆ బరువైనదాన్ని రెండు చేతులా ఎత్తి గుండెకు హత్తుకుని, ఉత్తికాళ్ళతోనే ఇంట్లోకి పరిగెత్తాడు. బూట్లు రోడ్డు మీదే ఉండిపోయాయి.

"ఈ వయసులో చెప్పుల్లేకుండా తిరిగింది చాలక వాడిని కూడానా," అని మనవరాలు కోప్పడి, నా పాదం ఒళ్ళో పెట్టుకుని చూసింది. "ఎంత మెత్తగా ఉన్నాయో చూడు తాతయ్యా, బొబ్బెక్కదూ మరి?"

ఉద్యోగం మానేసి పాతికేళ్ళు. ఇంట్లో చెప్పులు, వీధిలో బూట్లు. లాల్‌బీ గట్టి చేసిన చర్మం ఎప్పుడు కరిగిపోయిందో నేను గమనించుకోలేదు. బొబ్బ మండుతూనే ఉంది, నాకు నవ్వు ఆగడం లేదు. ఖాలా, ఇంకో డాక్టరును వెతకనక్కర్లేదు. నా కాలు మళ్ళీ నిజం చెబుతోంది.